నాస్తికుడంటే ఎవరు?

అన్నవరం కొండ చుట్టుపక్కల ఇళ్లలో పేర్లు వినండి: సత్యనారాయణ, సత్యవతి, సత్తిబాబు. మొక్కుకుంటే పుట్టినవాళ్లు కొందరు, తాతల పేరు మోస్తున్నవాళ్లు కొందరు. ఆ సీమలోనే, కాకినాడ పీఆర్ కాలేజీలో చదివి అక్కడే వృక్షశాస్త్రం బోధించిన గోపరాజు రామచంద్రరావు (గోరా) 1930లో పుట్టిన కొడుక్కి లవణం అని పేరు పెట్టారు. ఉప్పు సత్యాగ్రహం జరిగిన ఏడాది అది. గోరా నాస్తికత్వం ఏమిటో తెలియాలంటే ఆ పేరు దగ్గర ఆగాలి. దేవుడి పేరు ఉండాల్సిన చోట జనం కలిసి చేస్తున్న పని పేరు పెట్టాడా తండ్రి.

పాత శాస్త్రాల్లో నాస్తికుడంటే వేదాన్ని ప్రమాణంగా ఒప్పుకోనివాడు. ఈశ్వరుడి ప్రసక్తి లేకుండా సృష్టిని వివరించిన సాంఖ్యులు ఆస్తికులే; బౌద్ధులు, జైనులు నాస్తికులు. జనం నోట అది వట్టి తిట్టు. రాజమండ్రిలో 1881 డిసెంబరు 11న వితంతు వివాహం జరిపించిన వీరేశలింగం దేవుణ్ణి నమ్మినవాడే. అయినా ఆయనకు వెలి తప్పలేదు. ఊరి కోపమంతా కట్టుబాటు తెగినందుకే.

రఘుపతి వెంకటరత్నం నాయుడు ప్రిన్సిపాలుగా పనిచేసిన కాలేజీ పీఆర్ కాలేజీ. సంస్కరణకు పేరుపడ్డ ఆ చోటే 1933లో గోరా నాస్తిక భావాలకు ఉద్యోగం పోయింది. సంస్కర్తను భరించినంతగా నాస్తికుణ్ణి భరించలేకపోయారు.

హేతువాది, నిరీశ్వరవాది అన్నవి మర్యాద గల మాటలు. వాటి చాటున నిలబడటం సులువు. గోరా ‘నాస్తికుడు’ అన్న తిట్టునే తన పేరుగా పెట్టుకుని 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం తెరిచారు. దేవుడు లేడన్నది ఆయనకు సగం మాటే. మన బతుక్కి మనమే పూచీ అన్నది మిగతా సగం. అందుకే కులం పట్టింపు లేని సహపంక్తి భోజనాలు. అందుకే కడుపుతో ఉన్న ఆయన భార్య సరస్వతి గారు గ్రహణాన్ని కళ్లారా చూశారు. ఆ రోజుల్లో ఆ ధైర్యం ఏ ఉపన్యాసానికీ తీసిపోదు.

నాస్తికుణ్ణి ఇలా, అతను దేనికి పూచీ పడతాడో చూసి గుర్తించాలని మా వాదన. 2011 జనగణనలో మతం చెప్పనివారు దేశమంతా కలిపి 28 లక్షల పైచిలుకు. వాళ్లలో నాస్తికులెందరో, గడి ఖాళీగా వదిలేసినవాళ్లెందరో ఆ అంకె చెప్పదు. రాబోయే లెక్కల్లో, బడి దరఖాస్తుల్లో ‘నాస్తికులు’ అని వేరే గడి ఉండాలి.