ఢిల్లీ పిలిచే అతిథులు, ఢిల్లీ దాచే మనుషులు

2023 సెప్టెంబర్ మొదటి వారంలో మునీర్కాలోని నా అద్దె గది నుంచి వసంత్ విహార్ వైపు నడుస్తుంటే కూలీ క్యాంపు కనిపించలేదు. బస్తీ ఎక్కడికీ పోలేదు. రోడ్డు పొడవునా ఆకుపచ్చ పరదా కట్టేశారంతే. జీ20 దేశాధినేతలు వస్తున్నారు.

ఆ పరదా చూడగానే మా ఊరు గుర్తొచ్చింది. ప్రకాశం జిల్లాలోని మా ఊరికి కలెక్టర్ వస్తున్నాడంటే బస్టాండు నుంచి పంచాయతీ ఆఫీసు దాకా రోడ్డుకు రెండు వైపులా సున్నం, బ్లీచింగ్ పౌడరు చల్లేవారు. ఆ తెల్ల గీత మా మాదిగపల్లె మలుపు దగ్గర ఆగిపోయేది. గీత వేసేది మాత్రం పంచాయతీలో పారిశుద్ధ్య కార్మికుడైన మా నాన్నే. అతిథి కోసం ఊరిని శుభ్రం చేసేదీ ఆయనే, అతిథి కంట పడకూడనిదీ ఆయనే. ఊరికీ వాడకూ మధ్య ఉన్న ఆ గీతను దేశ రాజధానిలో గుడ్డతో కట్టారు.

ఒక నగరం సభలనూ సదస్సులనూ ఎలా రప్పించుకుంటుంది? పర్యాటక శాఖ దీన్ని 'మైస్' అంటుంది. మీటింగులు, కంపెనీల ప్రోత్సాహక యాత్రలు, కాన్ఫరెన్సులు, ఎగ్జిబిషన్లు కలిపి ఒక పరిశ్రమ. అంతర్జాతీయ సంఘాలు తమ మహాసభ ఎక్కడ జరపాలో కొన్నేళ్ల ముందే నిర్ణయిస్తాయి. నగరాలు పోటీ పడి బిడ్లు వేస్తాయి. హాల్లో ఎన్ని సీట్లు, చుట్టుపక్కల ఎన్ని హోటల్ గదులు, విమానాశ్రయం ఎంత దూరం, ప్రభుత్వం ఏం రాయితీ ఇస్తుంది అన్నవి లెక్కలోకి వస్తాయి. ఇందుకోసం మన దేశంలో 1988లోనే ఇండియా కన్వెన్షన్ ప్రమోషన్ బ్యూరో ఏర్పడింది. 2022లో కేంద్రం ఈ పరిశ్రమకు జాతీయ వ్యూహం ప్రకటించింది. 2023 జులై 26న ప్రగతి మైదాన్‌లో సుమారు 2,700 కోట్లతో కట్టిన భారత్ మండపం ప్రారంభమైంది. సెప్టెంబర్ 17న ద్వారకాలో యశోభూమి తొలి దశ తెరిచారు. ఖర్చు సుమారు 5,400 కోట్లు. అందులోని కన్వెన్షన్ సెంటర్లో ఒకేసారి 11,000 మంది ప్రతినిధులు కూర్చోవచ్చు. విమానాశ్రయం మెట్రో లైను నేరుగా దాని గుమ్మం దాకా వెళ్తుంది.

నేను ఈ భవనాలకు వ్యతిరేకిని కాను. 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ గ్రామ వ్యవస్థను తూర్పారబట్టారు. నగరం మనకు ఒక దారి తెరిచింది, నేనూ ఆ దారినే వచ్చాను. సదస్సులు వస్తే వంటవాళ్లకు, డ్రైవర్లకు, ఎలక్ట్రీషియన్లకు పని దొరుకుతుందన్నదీ నిజమే. నా పేచీ ఆ పని షరతుల మీద. ఈ పోటీలో నగరం హాలుతో పాటు తన ముఖాన్ని కూడా అమ్ముకుంటుంది. ముఖం అమ్మకానికి పెట్టాక పేదవాడి ఇల్లు దాని మీద మచ్చలా కనబడుతుంది.

జీ20కి ముందు ప్రగతి మైదాన్ పక్కనున్న జనతా క్యాంపును కూల్చేశారు. నగర సుందరీకరణ కోసం ఒక్క ఇల్లూ కూల్చలేదని, ఇవి ఆక్రమణల తొలగింపులేనని ప్రభుత్వం చెప్పింది. 2023లో ఏప్రిల్ 1 నుంచి జులై 27 దాకా ఢిల్లీలో కనీసం 49 కూల్చివేతల ద్వారా దాదాపు 230 ఎకరాల ప్రభుత్వ భూమి తిరిగి స్వాధీనం చేసుకున్నామని పార్లమెంటుకు తెలిపిందీ ఆ ప్రభుత్వమే. ఇది ఢిల్లీకే పరిమితం కాదు. 2017 నవంబర్‌లో హైదరాబాద్‌లో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు జరిగింది. ఇవాంకా ట్రంప్ రాకకు ముందు నగరంలో భిక్షాటనను రెండు నెలల పాటు నిషేధించి, బిచ్చమెత్తుకునే వాళ్లను రోడ్ల మీద నుంచి తరలించారు. పేదరికం అలాగే ఉంది, పేదవాళ్లను మాత్రం పక్కకు జరిపారు.

దాచిన మనుషుల చేతులు లేకుండా ఈ సభలు జరగవు. 1982 ఏషియాడ్ కోసం ఢిల్లీలో స్టేడియాలు, ఫ్లైఓవర్లు లేచాయి. కట్టింది వలస కూలీలు. అప్పటి కనీస వేతనం రోజుకు 9 రూపాయల 25 పైసలు. జమాదార్లు మనిషికి రోజుకో రూపాయి కమిషన్ కోసుకుని 8 రూపాయల 25 పైసలే చేతిలో పెట్టేవారు. పీయూడీఆర్ రాసిన ఉత్తరాన్నే పిటిషన్‌గా తీసుకున్న సుప్రీంకోర్టు, కనీస వేతనం కంటే తక్కువిచ్చి పని చేయించుకోవడం రాజ్యాంగం 23వ అధికరణ నిషేధించిన వెట్టిచాకిరీయేనని తీర్పు చెప్పింది. కనీస వేతనాల బిల్లును 1946లో కేంద్ర శాసనసభలో ప్రవేశపెట్టింది అప్పటి కార్మిక సభ్యుడు బాబాసాహెబే. ఆ బిల్లుకూ 23వ అధికరణకూ ఉన్న బంధాన్ని ఏషియాడ్ కూలీలు బయటపెట్టారు.

తీర్పుతో కథ ముగియలేదు. 2010 కామన్వెల్త్ క్రీడలప్పుడు పీయూడీఆర్ తదితర సంస్థలు మళ్లీ ఢిల్లీ హైకోర్టు మెట్లెక్కాయి. కోర్టు వేసిన కమిటీ మళ్లీ కనీస వేతనాల ఉల్లంఘనలనే బయటపెట్టింది.

కొన్ని నెలల కిందట ఢిల్లీలోని ఒక పెద్ద హాల్లో జరిగిన సదస్సులో నేను కులం, శ్రమల మీద పేపరు చదివాను. మధ్యాహ్నం ప్లేట్లు తీస్తున్న ఒకావిడను "దీదీ, మీరు తిన్నారా?" అని అడిగాను. అతిథులంతా లేచాక బేస్‌మెంట్లో తింటామని, అదీ ఇంటి నుంచి తెచ్చుకున్న డబ్బానే అని చెప్పింది. జీతం ఎంతని అడిగితే "ఠేకేదార్‌ని అడగాలి" అని నవ్వింది. హాలు యాజమాన్యం, దాని కింద ఈవెంట్ కంపెనీ, దాని కింద హౌస్‌కీపింగ్ ఏజెన్సీ, అన్నిటికన్నా కింద ఠేకేదార్. 1982 నాటి జమాదార్ పేరు మారింది, మధ్యలో మెట్లు పెరిగాయి. ఆ గదిలో కులాన్ని విశ్లేషిస్తున్న మేమెవ్వరం ఆ ప్లేట్లు తీసే వాళ్ల వేతనం గురించి నిర్వాహకులను అడగలేదు. నేనూ అడగలేదు. నా మెడలో డెలిగేట్ బ్యాడ్జి ఉంది, నాకు భోజనం టేబుల్ దగ్గరికే వచ్చింది.

సభలకు ఇంత ఖర్చు చేసే నగరం మన సభలను ఎలా చూస్తుందో కూడా చూడాలి. 2001 నవంబర్ 4న రామ్‌లీలా మైదాన్‌లో జరగాల్సిన బౌద్ధ దీక్షా సభకు అనుమతి నిరాకరించారు. జనం అంబేడ్కర్ భవన్‌కు వెళ్లి అక్కడే దీక్ష తీసుకున్నారు. 2017 అక్టోబర్‌లో జంతర్ మంతర్ దగ్గర నిరసనలను నిషేధించారు. 2018 జులైలో సుప్రీంకోర్టు చెబితే గానీ ఆ రోడ్డు మళ్లీ తెరుచుకోలేదు. ఏటా ఏప్రిల్ 14న పార్లమెంట్ స్ట్రీట్‌కు వేలాది మంది వస్తారు. పుస్తకాల దుకాణాలు పెడతారు, పాటలు పాడతారు, అన్నం పంచుతారు. ఎవరూ బిడ్ వేయకుండా, రాయితీ ఇవ్వకుండా జనం సొంత ఖర్చులతో నడిపే మహాసభ అది. 'మైస్' పరిశ్రమ లెక్కల్లో దానికి చోటు లేదు.

కాబట్టి అడగాల్సినవి స్పష్టంగానే ఉన్నాయి. ప్రభుత్వ భూమిలో, ప్రజల డబ్బుతో నడిచే ప్రతి కన్వెన్షన్ సెంటర్లో కాంట్రాక్టు కార్మికుల సంఖ్య, వేతనం, పని గంటలు బహిరంగంగా ప్రకటించాలి. ఠేకేదార్ ఎగ్గొట్టిన వేతనానికి అసలు యజమానే బాధ్యుడన్న సూత్రం 1970 నాటి కాంట్రాక్టు కార్మిక చట్టంలోనే వచ్చింది, దాన్ని హాలు అద్దె ఒప్పందంలోనే రాయాలి. శిఖరాగ్ర సభల కోసం దుకాణం మూయించిన వీధి వ్యాపారులకు ఆ రోజుల ఆదాయం చెల్లించాలి. పునరావాసం చూపకుండా ఏ సభ పేరుతోనూ బస్తీ కదలకూడదు. ఏప్రిల్ 14న వచ్చే జనానికి మంచినీళ్లు, మరుగుదొడ్లు, నీడ ఏర్పాటు చేయడం నగరం బాధ్యత కావాలి.

ఇక విశ్వవిద్యాలయాల్లో ఉన్న మన వంతు. సదస్సుకు హాలు బుక్ చేసేటప్పుడు ప్రొజెక్టర్ ఉందా, వైఫై ఉందా అని అడుగుతాం. అదే ఫోన్లో హౌస్‌కీపింగ్ వాళ్లకు కనీస వేతనం అందుతోందా, వాళ్లు కూర్చుని తినడానికి చోటుందా అని కూడా అడుగుదాం. సమాధానం రాకపోతే వేరే హాలు చూసుకుందాం. వచ్చే ఫిబ్రవరిలో మా విభాగం సదస్సు ఉంది, నిర్వాహకుల కమిటీలో నేనూ ఉన్నాను. ఈసారి ఆ మాట అడగాల్సింది నేనే.

జై భీమ్.