మూలనపడిన డి.వి.డి. ప్లేయర్లు: పెళ్లి డిస్కులకు పొంచి వున్న ముప్పు

జగిత్యాల: ఒకప్పుడు పల్లె ఇళ్లలో టి.వి. పక్కనే, కుట్టుపని గుడ్డ కప్పుకుని గౌరవంగా కూర్చున్న డి.వి.డి. ప్లేయర్లు ఇప్పుడు అటకలెక్కాయి. అటక ఎక్కించే నాటికి బాగానే పనిచేసినవి సైతం నేడు దింపి చూస్తే మొరాయిస్తున్నాయి. ట్రే బయటకు రాదు. వచ్చినా డిస్కు తిరగదు. తిరిగినా తెర మీద ‘నో డిస్క్’ అన్న రెండు మాటలు తప్ప మరేమీ కనిపించదు.

సినిమాల కోసమే అయితే ఈ పెట్టె పోయిందని విచారించనక్కరలేదు. సెల్‌ఫోనులో కావలసినన్ని సినిమాలు వున్నాయి. కాని వీడియో క్యాసెట్ల కాలం ముగిసిన తర్వాత, పెన్‌డ్రైవుల కాలం రాక ముందు జరిగిన పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాలు చాలావరకు డిస్కుల మీదనే వున్నాయి. గల్ఫ్ వలసలు ఎక్కువగా వున్న ఈ ప్రాంతంలో ఈ విషయం మరింత ముఖ్యమైనది. పెళ్లయిన కొద్ది నెలలకే భర్త దుబాయికో, సౌదీకో వెళ్లిన ఇళ్లు ఇక్కడ కోకొల్లలు. వెళ్లిన వారిలో శవపేటికలలో తిరిగి వచ్చిన వారూ వున్నారు. అటువంటి ఇంట్లో తండ్రి నడక ఎట్లా వుండేదో, గొంతు ఎట్లా వుండేదో పిల్లలకు చూపగలిగినది ఆ పెళ్లి డిస్కు ఒక్కటే. ప్లేయరు చెడిపోవడం అటువంటి కుటుంబానికి చిన్న విషయం కాదు.

చవక పెట్టె, చిన్న ఆయుష్షు

డి.వి.డి. ప్లేయరు మొదట 1996 నవంబరులో జపాన్ దేశంలో అమ్మకానికి వచ్చింది. మన పల్లెలకు చేరేసరికి మరి కొన్నేళ్లు పట్టింది. మొదట వి.సి.డి. ప్లేయర్లు వచ్చాయి. 2000 తర్వాత డి.వి.డి. ప్లేయర్ల ధరలు ఏటేటా పడిపోయి, సామాన్య రైతు కూడా కొనగల స్థితి ఏర్పడింది. డిస్కులూ అట్లాగే చౌకబడ్డాయి. మోసర్ బేర్ సంస్థ సినిమా వి.సి.డి.ని 28 రూపాయలకు, డి.వి.డి.ని 34 రూపాయలకు అమ్మడంతో దొంగ డిస్కుల వ్యాపారానికి సైతం గట్టి పోటీ ఎదురైంది. చివరకు ఆ సంస్థ కూడా నిలవలేదు. 2018లో దాని ఆస్తులు అమ్మివేయవలసిందిగా కంపెనీ లా ట్రిబ్యునల్ ఉత్తర్వులు ఇచ్చింది.

ధర తగ్గడం మంచిదే అయినా, దానితో ఒక చెడు అలవాటు కూడా ప్రవేశించింది. ప్లేయరులోని ముఖ్యభాగమైన లెన్స్ మార్పించడానికి అయ్యే ఖర్చుకు మరికొంత కలిపితే కొత్త పెట్టె వచ్చే రోజులవి. అందుచేత బాగుచేయించడం కంటే కొత్తది కొనడమే మేలని అందరూ భావించారు. పట్నంలో పేరు లేని కంపెనీ పెట్టెలు, విడిభాగాలు కూర్చి అమ్మినవి, బిల్లు లేకుండా కొన్నవి ఎన్నో. అవి చెడిపోతే అడిగే దిక్కు లేదు. కొత్తది దొరికినంత కాలం ఈ లెక్క చెల్లింది. ఇప్పుడు దుకాణాలలో కొత్త ప్లేయరు కనిపించడమే అరుదైంది. లెక్క తలకిందులైనా ప్రజల ఆలోచన మాత్రం మారలేదు. చిన్న మరమ్మతుతో లేచి కూర్చునే పెట్టెలు పాత సామాను వారి బండ్లలోకి వెళుతున్నాయి.

దుమ్ము చేసే పని

ప్లేయరు ఎందుకు ఇంత సున్నితమైనదో తెలియాలంటే దాని పని కొంచెం తెలుసుకోవాలి. డిస్కు మీద సమాచారం కంటికి కనిపించని సన్నని గీతగా, సుడి తిరుగుతూ వుంటుంది. ఒక చుట్టుకు, పక్క చుట్టుకు మధ్య దూరం ఒక మిల్లీమీటరులో వెయ్యో వంతు కంటే తక్కువ. ఒక తల వెంట్రుక మందంలో దాదాపు వంద చుట్లు ఇముడుతాయి. డిస్కు నిమిషానికి సుమారు 600 నుంచి 1500 సార్లు తిరుగుతూ వుంటే, కింద కంది గింజంత లెన్స్ గుండా ఎర్రని లేజర్ వెలుగు పైకి వెళ్లి, డిస్కుకు తగిలి తిరిగి వస్తుంది. ఆ తిరిగి వచ్చిన వెలుగే తెర మీద బొమ్మగా మారుతుంది.

వడ్లు తూర్పారబట్టే కాలంలోనూ, పక్కనే మట్టి బాట వున్న ఇళ్లలోనూ ఆ లెన్స్ మీద దుమ్ము పేరుకోకుండా వుండడం అసాధ్యం. కట్టెల పొయ్యి పొగ, అగరుబత్తి పొగ తోడైతే ఆ దుమ్ము జిడ్డుగా మారి అంటుకుంటుంది. వెచ్చగా వుంటుందని బొద్దింకలు, చీమలు, బల్లులు లోపల చేరడం మరొక బెడద. తిరిగి వచ్చే వెలుగు మందగించగానే బొమ్మ ఆగి ఆగి వస్తుంది, గళ్లు గళ్లుగా విరిగిపోతుంది. చివరకు డిస్కే లేదని ప్లేయరు చెబుతుంది.

వి.సి.డి. ఆడుతున్నది, డి.వి.డి. ఆడడం లేదు అన్న ఫిర్యాదు సాధారణంగా వినవస్తుంది. దీనికి కారణం వున్నది. ఈ రెండింటికీ వేర్వేరు లేజర్ వెలుగులు వాడతారు. ఒకటి నీరసించినా రెండవది పనిచేయవచ్చు. కాబట్టి ఒక రకం డిస్కు ఆడినంత మాత్రాన లెన్స్ భాగం బాగున్నట్లు కాదు.

కరెంటు పెట్టిన తంటా

రెండవ శత్రువు కరెంటు. ఇళ్లకు 230 వోల్టులు రావలసి వుండగా, మోటార్లన్నీ ఒక్కసారి నడిచే వేళ అది పడిపోవడం, మోటార్లు ఆగగానే ఎగబాకడం పల్లెలలో అందరికీ అనుభవమే. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇవ్వడం ప్రారంభమైంది. దానికి ముందు కోతల కాలంలో కరెంటు పోవడం, రావడం రోజుకు ఎన్నిసార్లో లెక్క లేదు. వచ్చిన ప్రతిసారీ పడే దెబ్బను స్విచ్చి తీయకుండా వదిలిన ప్లేయరు భరించవలసి వచ్చింది.

వీటన్నిటికంటే ప్రమాదకరమైనది గాలివానకు న్యూట్రల్ తీగ తెగడం. అట్లా జరిగినప్పుడు 230 రావలసిన ఇంటికి 400 వోల్టుల దాకా రావచ్చు. వీధిలో సగం ఇళ్ల టి.వి.లు, ఫ్యాన్లు, ప్లేయర్లు ఒకే రాత్రి కాలిపోవడానికి చాలాసార్లు ఇదే కారణం. బల్బులు ఒక ఇంట్లో మరీ మసకగా, పక్క ఇంట్లో మరీ ప్రకాశంగా వెలిగితే వెంటనే మెయిన్ తీసివేసి లైన్‌మన్‌కు కబురు చేయాలి.

అమెరికాలో వున్న పిల్లలు పంపిన పెట్టెల సంగతి వేరు. అక్కడ కరెంటు 120 వోల్టులు. ఆ దేశానికే తయారైన పెట్టెను ఇక్కడ నేరుగా తగిలిస్తే కాలిపోతుంది. పెట్టె వెనుక 100-240 అని రాసి వుంటేనే తగిలించాలి. గల్ఫ్ నుంచి తెచ్చిన వాటికి ఈ భయం సాధారణంగా లేదు గాని మరొక చిక్కు వున్నది. డి.వి.డి.లకు దేశాలను బట్టి అంకెలు పెట్టారు. గల్ఫ్ దేశాలది 2, మన దేశానిది 5. అంకె కుదరని సినిమా డిస్కును ప్లేయరు నిరాకరించవచ్చు. అది ప్లేయరు రోగం కాదు. పెళ్లి డిస్కులకు ఈ అంకెల బాధ లేదు.

వాడకపోయినా పాడవుతుంది

వాడకుండా దాచితే పదిలంగా వుంటుందన్న నమ్మకం ఈ వస్తువు విషయంలో చెల్లదు. ట్రేను కదిలించే సన్నని రబ్బరు బెల్టు ఏళ్ల తరబడి ఒకే చోట వుండి సాగిపోతుంది, పట్టు తప్పుతుంది. ట్రే రాకపోవడానికి తరచు ఇదే కారణం. కరెంటు బోర్డు మీద వుండే కెపాసిటర్లు కాలం గడిచిన కొద్దీ శక్తి కోల్పోతాయి. వాటి తల ఉబ్బి వుంటే పాడైనట్లే. లైటు మినుకు మినుకుమని పెట్టె ఆన్ కాకపోవడానికి ఇది ముఖ్య కారణం. ఈ రెండూ చిన్న మరమ్మతులే. విలువ తక్కువ వస్తువులు మారిస్తే పెట్టె తిరిగి పనిచేయవచ్చు.

మరికొన్నిసార్లు అసలు జబ్బే వుండదు. కొత్త టి.వి.లలో చాలావాటికి పాతకాలపు పసుపు, ఎరుపు, తెలుపు తీగలు తగిలించే చోటు లేదు. వున్నా రిమోటుతో ఎ.వి. అన్నది ఎంచుకోవాలి. ఈ సంగతి తెలియక, బొమ్మ రావడం లేదని ప్లేయరును పారవేసిన వారూ వుంటారు.

నేరం ఎవరిది? శిక్ష ఎవరికి?

ప్రజలు ముఖ్యంగా గమనించవలసిన విషయం ఒకటి వున్నది. లెన్స్ నీరసించినప్పుడు దుకాణంలో కొన్న సినిమా డిస్కు ఆడుతుంది, పెళ్లి డిస్కు ఆడదు. దానితో పెళ్లి డిస్కే పాడైందని నిర్ణయానికి వచ్చి పారవేస్తారు. నిజం చాలావరకు అందుకు భిన్నం. సినిమా డిస్కు ఫ్యాక్టరీలో అచ్చు వేసినది, దానిలో అల్యూమినియం పొర వుంటుంది. ఫొటో స్టూడియోలో తయారైన పెళ్లి డిస్కు రంగు పొర మీద లేజర్‌తో రాసినది. దాన్ని చదవడం ప్లేయరుకు మొదటి నుంచీ కష్టమే. అందుచేత లెన్స్ బలహీనపడితే ముందుగా తప్పిపోయేది పెళ్లి డిస్కే. నేరం ప్లేయరుది, శిక్ష డిస్కుకు పడుతున్నది. రెండు మూడు చోట్ల వేసి చూడకుండా ఏ డిస్కునూ పాడైనదిగా తీర్మానించరాదు.

అయితే ఈ డిస్కులు శాశ్వతమైనవీ కావు. ఆ రంగు పొర ఎండకు, వేడికి, కాలానికి వెలిసిపోతుంది. రేకుల ఇంట్లో అటక మీద వుంచిన డిస్కుకు ఆయుష్షు తక్కువ. వధూవరుల ఫొటో వున్న కాగితాన్ని డిస్కు మీద అతికించడం ఆనాటి అలవాటు. ఆ జిగురు కాగితం ఒక పక్క లేచినా, ముడుచుకున్నా డిస్కు తిరిగేటప్పుడు తూకం తప్పుతుంది. దాన్ని పీకే ప్రయత్నం చేయరాదు. కాగితంతో పాటు లోపలి పొరకు కూడా దెబ్బ తగలవచ్చు.

బాగుచేసే వారేరి?

టేపురికార్డర్లు, టి.వి.లు, ప్లేయర్లు బాగుచేసిన మెకానిక్కులు చాలామంది సెల్‌ఫోన్ల పనిలోకి మారిపోయారు. కొందరు తామే గల్ఫ్ బాట పట్టారు. లెన్స్ భాగాలు చిన్న పట్నాలలో దొరకడం కష్టమవుతున్నది. కేంద్ర ప్రభుత్వ వినియోగదారుల శాఖ 2022 డిసెంబరులో ‘మరమ్మతు హక్కు’ పేరుతో ఇంటర్నెట్ కేంద్రాన్ని ప్రారంభించి, కంపెనీలు విడిభాగాల వివరాలు, మరమ్మతు కేంద్రాల చిరునామాలు అందులో పెట్టాలని కోరింది. మంచి ప్రయత్నమే. కాని పేరు లేని కంపెనీ పెట్టె కొన్న పల్లె మనిషికి దానివల్ల ఒరిగేది స్వల్పం. వినియోగదారుల కమిషనుకు వెళ్లాలన్నా నష్టం జరిగిన రెండేళ్లలోపు వెళ్లాలి, చేతిలో బిల్లు వుండాలి. ఇప్పుడు కొనే ఏ వస్తువుకైనా బిల్లు తీసుకోవడం ఒక్కటే దీనికి మందు.

తక్షణం చేయవలసినది

ప్లేయరును బతికించడం కంటే డిస్కులోని దాన్ని బయటకు తీయడం ముఖ్యం. డిస్కును అంచులు పట్టుకుని, మెత్తని శుభ్రమైన గుడ్డతో నడుమ నుంచి అంచుకు నిలువుగా తుడవాలి. గుండ్రంగా తుడిస్తే గీతలు పడి మరింత చెడుతుంది. కంప్యూటరుకు బయట నుంచి తగిలించే డి.వి.డి. డ్రైవులు ఇంకా దొరుకుతున్నాయి. వాటితో డిస్కును పూర్తిగా పెన్‌డ్రైవులోకి ఎక్కించవచ్చు. నిండిన ఒక మామూలు డిస్కులో 4.7 జి.బి. వుంటుంది కనుక 32 జి.బి. పెన్‌డ్రైవులో ఆరు డిస్కులు పడతాయి. ఒక్క పెన్‌డ్రైవును నమ్ముకోవడం కూడా పొరపాటే. ఒకటి ఇంట్లో, మరొకటి బంధువుల ఇంట్లో వుంచడం క్షేమం. పని పూర్తయిన తర్వాత కూడా డిస్కును పారవేయక చీకటిగా, చల్లగా వున్న చోట నిలబెట్టి వుంచాలి.

లెన్స్ తుడిపించడం మెకానిక్కుకే వదలాలి. కరెంటు వుండగా మూత తీసి లెన్స్‌లోకి చూడడం కంటికి ప్రమాదం. ఇక పనికిరాదని తేలిన పెట్టెను తగులబెట్టడం, చెరువు గట్టున పారవేయడం తగదు. ఎలక్ట్రానిక్ చెత్త తీసుకునే వారికే ఇవ్వాలి.

ప్రతి ఇల్లూ ఒక డ్రైవు కొనవలసిన అవసరం లేదు. గ్రామానికి ఒకటి చాలు. యువజన సంఘం గాని, మహిళా సంఘం గాని, గ్రంథాలయం గాని ఒక డ్రైవు తెచ్చి పెడితే, కంప్యూటరు తెలిసిన విద్యార్థి సెలవు రోజుల్లో వాడ మొత్తం డిస్కులను ఎక్కించగలడు. ప్లేయర్లు ఒకటొకటిగా మూగబోతున్నాయి, డిస్కుల మీది రంగు వెలుస్తున్నది. దసరాకో సంక్రాంతికో చూద్దామని వాయిదా వేసే పని కాదిది. గ్రామ పెద్దలు, యువకులు వెంటనే పూనుకోవలసిన అవసరం ఎంతైనా వున్నది.