కొయ్యూరు సాక్ష్యాన్ని ఎలా తూచాలి?

చోడవరం నుంచి మాడుగుల వెళ్లే దారిలో ఉన్న వడ్డాదికి మన్యం ఎంతో దూరం కాదు. ఈ వైపు ఊళ్లలో అల్లూరి సీతారామరాజు పేరు వినని ఇల్లుండదు. అయితే చాలామందికి ఆ కథ 1974లో వచ్చిన కృష్ణ సినిమా చెప్పిన కథే. రాజు నడిపిన 1922-24 పితూరి (తిరుగుబాటు)లో ఎవరు ఎవరిని చంపారు, ఎందుకు చంపారు, ఆ సంగతి మనకు చేరవేసింది ఎవరు? నూరేళ్లు దాటాక కూడా ఈ ప్రశ్నలు బడిలో గానీ సభలో గానీ వినిపించవు.

పితూరి గురించిన ఆధారాలు ప్రధానంగా రెండు వైపుల నుంచి వచ్చాయి. ఒకటి మద్రాసు ప్రభుత్వ దస్త్రాలు: పోలీసు నివేదికలు, తంతివార్తలు, ఉత్తర్వులు. రెండోది జనం నోట నిలిచిన పాటలు, బుర్రకథలు, పెద్దలు చెప్పిన మాటలు. సర్కారు కాగితం గనుక అబద్ధమని మొదటిదాన్ని, కట్టుకథలని రెండోదాన్ని తోసిపుచ్చడం తేలిక. అలా చేస్తే చరిత్ర సగమే మిగులుతుంది.

దస్త్రాన్ని చదవడానికి ఒక పద్ధతుంది. రాసినవాడు తన పరువుకు నష్టం కలిగించే సంగతిని తానే ఒప్పుకున్నచోట ఆ మాటకు బరువెక్కువ. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు పోలీసు స్టేషన్లు రాజు మనుషుల వశమయ్యాయి. తుపాకులు, తూటాలు పోయాయి. ఆ కొల్లగొట్టడంలో రక్తపాతం జరగలేదు. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో మాత్రం ప్రాణాలు పోయాయి. ముందు నడిచిన భారతీయ సిపాయిలను పోనిచ్చి, వెనక వస్తున్న స్కాట్ కవార్డ్, హేటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులను కాల్చేశారు. గురి ఎవరి మీదో ఈ ఘటనే చెబుతోంది. తన దేశీ పోలీసులను తిరుగుబాటుదారులు విడిచిపెట్టారన్న సంగతి బయటికి రావడం ఏ ప్రభుత్వానికీ గౌరవం కాదు. కాబట్టి దాన్ని నమ్మవచ్చు.

అదే న్యాయం రాజు అభిమానులకూ వర్తిస్తుంది. దామనపల్లిలో జరిగింది మాటు వేసి చంపడమే. దాన్ని దాచి పెట్టడం వల్ల రాజుకు గౌరవం పెరగదు. గాంధీ ఆయుధ మార్గాన్ని సమర్థించలేదు. అయినా 1929లో ‘యంగ్ ఇండియా’లో రాజు ధైర్యాన్ని, త్యాగాన్ని మెచ్చుకున్నారు. ఆ రెండు మాటలూ కలిపే చెప్పుకోవాలి.

హింసకు ముందు ఏం జరిగిందన్నది మరో ప్రశ్న. పోడు మీద అటవీ చట్టాల ఆంక్షలు, నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు రోడ్డు పనుల్లో వెట్టిచాకిరి, గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ దౌర్జన్యం. ఇవి పాటల్లో ఉన్నాయి, చరిత్రకారుల పరిశోధనల్లోనూ ఉన్నాయి. కొండవాళ్లు ఎందుకు కదిలారో సర్కారు దస్త్రం పొడిపొడిగా చెబితే, కూలి ఎగ్గొట్టించుకున్న మనిషి గోడు జనం జ్ఞాపకంలో నిలిచింది.

కొయ్యూరు దగ్గరికి వచ్చేసరికి చిక్కు ముదురుతుంది. 1924 మే 7న మంప దగ్గర పట్టుబడిన రాజును కొయ్యూరు తీసుకువచ్చారు. అక్కడ మేజర్ గుడాల్ చేతిలో ఆయన ప్రాణం పోయింది. పారిపోబోతే కాల్చామన్నది ప్రభుత్వ కథనం. చెట్టుకు కట్టి కాల్చారన్నది జనం కథనం. మొదటి కథ చెప్పినవాళ్లు చంపినవాళ్లే. చేతికి చిక్కిన మనిషిని విచారణ లేకుండా చంపారన్నది రెండు కథనాలూ కాదనలేని నిజం. చెట్టు, తాడు వంటి వివరాల మీద పట్టుబట్టనక్కర్లేదు. కోర్టు మెట్లు ఎక్కించలేదన్న ఒక్క సంగతి చాలు ఆ ప్రభుత్వాన్ని నిలదీయడానికి.

సొంత సమాజం చేసిన హింసను తూచడం ఇంకా కష్టం. దానికో ఉదాహరణ ఉంది. అమెరికాలోని యూటాలో 1857 సెప్టెంబరు 11న మౌంటెన్ మెడోస్ దగ్గర మార్మన్ మతస్థుల మిలీషియా సుమారు 120 మంది వలసదారులను చంపింది. ఆ నింద చాలాకాలం అక్కడి పైయూట్ గిరిజనుల మీద మోపారు. శిక్ష పడింది జాన్ డి. లీ ఒక్కడికే, అది అమలైంది 1877లో. చివరికి ఆ మతానికే చెందిన చరిత్రకారులు చర్చి దస్త్రాలు వెతికి 2008లో పుస్తకం తెచ్చారు. దాడిని నడిపింది తమవాళ్లేనని అందులో స్పష్టంగా రాశారు. భక్తి ఉన్నవాళ్లే ఆ పని చేశారన్నది ఇక్కడ గమనించాల్సిన విషయం.

2022లో పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది. పేరు పెట్టినంత సులువు కాదు, మిగిలిన పని. పితూరికి సంబంధించిన ప్రభుత్వ దస్త్రాలను తెలుగులోకి తెచ్చి చింతపల్లి, నర్సీపట్నం, చోడవరం గ్రంథాలయాల్లో ఉంచాలి. రాజుతో కలిసి పోరాడిన గాం గంటందొర, మల్లుదొరల కథలు విన్న తరం ఇంకా మిగిలుండగానే ఆ మాటలను చెప్పినవారి ఊరు, వయసు, ఎవరి దగ్గర విన్నారో సహా రికార్డు చేయాలి. వడ్డాది బడి పిల్లల చేతికి దామనపల్లి మీద ఒక పోలీసు నివేదిక, ఒక పాట రెండూ ఇచ్చి, ఏది ఎంతవరకు నమ్మవచ్చో వాళ్లనే చెప్పమనాలి.