కర్రగుర్రం చెవులు

సెలవులు వచ్చాయంటే పిల్లలకు ఏమీ తోచదు. వాళ్ళు పెద్దలకు ఏమీ తోచనివ్వరు. ఈ వేసవిలో మా మనుమడు నా దగ్గరే ఉన్నాడు. ఏడేళ్ళవాడు. మా అమ్మాయికి పొరుగూళ్ళో నెల్లాళ్ళ ఉద్యోగ శిక్షణ. చెబితే ఏడుస్తాడని, వాడు నిద్ర లేవకముందే బస్సెక్కి వెళ్ళిపోయింది. వాడు ఏడవలేదు. కాని తల్లి ఫోను చేస్తే మాత్రం మాట్లాడనని మొహం తిప్పుకునేవాడు.

మూడోనాడు, "ఒరేయ్, పోనీ గుర్రం కావాలా?" అన్నాను.

"కొంటావా అమ్మమ్మా?"

"కొనను. ఇద్దరం కలిసి చేద్దాం."

"పోనీ అంటే గుర్రప్పిల్లేనా?"

కాదు మరి! పెద్దదయినా పొట్టిగా ఉండే జాతి అది. మామూలుగా మూపు దగ్గర 58 అంగుళాల లోపు ఉంటే పోనీ అంటారు. మా చిన్నప్పుడు జట్కాలకు కట్టిన గుర్రాల్లో చాలావరకు అలాంటి పొట్టివే.

దీనికి ఖర్చేమీ లేదమ్మా. ఒక పాత పెద్ద మేజోడు, గుడ్డపీలికలు, మూడడుగుల కర్ర, కాస్త ఊలు, రెండు గుండీలు చాలు. పేళ్ళు గుచ్చుకోకుండా కర్రను గరుకు కాగితంతో బాగా రుద్దండి. మేజోడులో పీలికలు గట్టిగా కూరితే వేళ్ళు దూరే కొస మూతి అవుతుంది, మడమ భాగం తల అవుతుంది. కర్రను మడమదాకా దూర్చి, మెడ దగ్గర పురికొసతో బిగించి కట్టండి. నుదుటి నుంచి మెడ వరకు ఊలుపోగులు కుడితే జూలు. పాత రిబ్బను కళ్ళెం. ఇంట్లో మరీ పసివాళ్ళుంటే గుండీలు నోట్లో పెట్టుకుంటారు. కళ్ళను దారంతో కుట్టేయండి.

మావాడు గుండీలు రెండూ ముందువైపు పెట్టబోయాడు. "గుర్రం కళ్ళు పక్కలకుంటాయిరా, అందుకే ఇంచుమించు చుట్టూ చూడగలదు. సరిగ్గా వెనకాల ఉన్నది కనబడదు" అన్నాను. చెవుల సంగతీ చెప్పాను: ముందుకు నిక్కితే ఏదో గమనిస్తున్నట్లు, వెనక్కి మెడకు అంటుకుంటే కోపం వచ్చినట్లు.

వాడు చెవులు వెనక్కి అణిచి కుట్టాడు. కుట్లు వంకరటింకర. విప్పి సరిగ్గా కుడదామని నా చేతులు ఒకటే దురద!

ఊరుకున్నాను. ఎందుకంటే ముప్ఫై ఏళ్ళ క్రితం వీడి తల్లి బడి ప్రదర్శనకు మట్టిగుర్రం చేసింది. కాళ్ళు వంకరగా ఉన్నాయని, అది నిద్రపోయాక నేను సరిచేశాను. బహుమతి వచ్చింది. "అది నాది కాదు" అని ఆ పిల్ల బహుమతి ముట్టుకోలేదు. ఆ తర్వాత మట్టీ ముట్టుకోలేదు.

అందుకని, "దీనికి కోపమెందుకురా?" అని మాత్రం అడిగాను.

కాసేపు పలకలేదు. తర్వాత జూలు సవరిస్తూ, "అది పడుకున్నప్పుడు వాళ్ళమ్మ చెప్పకుండా వెళ్ళిపోయింది" అన్నాడు.

నా గుండె కలుక్కుమంది. పిల్లలు నిద్రపోతుండగా పనులు చక్కబెట్టడం మా అమ్మాయి ఎక్కడ నేర్చుకుంది? నా దగ్గరే!

ఆ రాత్రి అమ్మాయికి ఫోనులో అంతా చెప్పాను. మర్నాడు అది వాడితో, "చెప్పకుండా రావడం నా తప్పేరా నాన్నా. ఇక ఎప్పుడు వెళ్ళినా నీతో చెప్పే వెళ్తాను" అంది. వాడు మాట్లాడాడు, ముక్తసరిగానే అనుకోండి.

ఇప్పుడు మా వసారా అంతా ఆ గుర్రం పరుగులే. చెవులు మాత్రం ఇంకా వెనక్కే ఉన్నాయి. మారుద్దామా అంటే, "అమ్మ రానీ, చూద్దాం" అంటున్నాడు.

మీరూ ఈ సెలవుల్లో పిల్లలచేత ఓ గుర్రం చేయించండి. సూదికి దారం మాత్రం ఎక్కించి ఇవ్వండి. కుట్టు వంకరపోతే పోనివ్వండి. ఎందుకలా కుట్టావని అడిగి చూడండి.