మొసలి ఉన్న రేవు

పోయిన ఆదివారం కోసిగి అవతల, తుంగభద్ర ఒడ్డునున్న ఒక పల్లెకు బంధువుల ఇంట్లో శుభకార్యానికి వెళ్లాను. భోజనాలయ్యాక, ఎండ తగ్గే వేళకు రేవు దాకా నడిచాం. రేవు మొదట్లో కొత్తగా ఒక ఇనుప బోర్డు పాతి ఉంది. నదిలో మొసళ్లు ఉన్నాయి, నీళ్లలోకి దిగరాదు అని ఎర్ర అక్షరాలు. ఆ బోర్డు మీదే ఎవరో తడి దుప్పటి ఆరేశారు. పది అడుగుల అవతల మోకాటిలోతు నీళ్లలో వంగి ఒకామె బట్టలు ఉతుకుతోంది. ఇంకాస్త లోపల ఇద్దరు పిల్లలు ఎనుములను తోముతున్నారు. “బోర్డు చూడలేదా అమ్మా?” అని అడిగాను. “చూసినాం లేన్నా. దిగొద్దని రాసినారు. యాడ ఉతుక్కోవాలనో రాయల్యా” అంది, చేతిలో పని ఆపకుండా.

వారం రోజులుగా ఆ మాట నన్ను వదలడం లేదు.

ఈ వారమే ఆదోని, ఎమ్మిగనూరు వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఫొటో తిరిగింది. నది నడుమ బండ మీద నోరు తెరుచుకుని పడుకున్న మొసలి. దాని కింద రాసిన మాటలు చదువుతుంటే మనసు పాడైంది. పట్టుకెళ్లి జూలో పడేయాలని కొందరు, కాల్చి చంపాలని కొందరు. మనిషిని మింగడానికే నోరు తెరిచిందని ఒకాయన తీర్మానించాడు. మొసలి ఎండలో అలా నోరు తెరిచేది ఒంటి వేడి తగ్గించుకోవడానికి. తుంగభద్ర నీళ్లు తాగి పెరిగిన మనకు ఆమాత్రం తెలియకపోవడం చిన్న విషయంగా నాకు తోచడం లేదు. గజేంద్రమోక్షం విని పెరిగిన జాతి మనది. ఆ కథలో కూడా మొసలి తన మడుగులో తానుంది. దప్పికకు దిగినది ఏనుగు.

మన నదిలోని మొసలి మంచినీటి మొసలి, మగ్గర్ అంటారు. తోలు కోసం వేటాడి వేటాడి ఒకప్పుడు దేశంలో దాదాపు లేకుండా చేశాం. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం దాన్ని మొదటి షెడ్యూల్లో, పులి పక్కన నిలబెట్టింది. చంపితే 3 నుంచి 7 ఏళ్ల జైలు, 2022 సవరణ తర్వాత కనీసం 25 వేల రూపాయల జరిమానా. 1975లో కేంద్ర ప్రభుత్వం ఐక్యరాజ్యసమితి సంస్థల సాయంతో మొసళ్ల పరిరక్షణ పథకం మొదలుపెడితే, దానికి మనుషులను తయారు చేసే శిక్షణ సంస్థ హైదరాబాదులోనే నడిచింది. మంజీరలో ఇవాళ మొసళ్లున్నాయంటే ఆ కాలపు శ్రమే. అది మన తెలుగువాళ్ల చేతుల మీదుగా జరిగిన మంచిపని, గర్వంగా చెప్పుకోవాల్సింది.

పట్టుకెళ్లి దూరంగా వదిలేస్తే తీరిపోతుందనే వాళ్లకు ఒక సంగతి చెప్పాలి. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో ఉప్పునీటి మొసళ్లకు ఉపగ్రహ పరికరాలు కట్టి, హెలికాప్టర్లో మోసుకెళ్లి దూరాన వదిలారు. అందులో ఒకటి 400 కిలోమీటర్ల పైచిలుకు సముద్రం చుట్టివచ్చి, 20 రోజుల్లో తన తావుకు తాను చేరింది. జాతి వేరైనా పాఠం అదే. పైగా ఒక మొసలిని తీసేసిన మడుగులోకి ఇంకో మొసలి వస్తుంది. ఆ మడుగు దానికి కావాలి. అదే మడుగు మనకూ కావాల్సి రావడం దగ్గర అసలు చిక్కు మొదలైంది.

ఆ రోజు రేవులో పుట్టి సర్దుకుంటున్న బెస్త పెద్దాయనతో చాలాసేపు మాట్లాడాను. రాత్రి వల వేసేటప్పుడు బ్యాటరీ లైటు కొడితే మొసలి కళ్లు నిప్పుకణికల్లా మెరుస్తాయట. రెండు కళ్ల మధ్య ఎడం చూసి అది ఎంత పొడుగుదో చెప్పేస్తాడు. గుడ్ల కాలంలో ఆ గట్టు దిక్కుకు పుట్టి తిప్పరు. వలలో పిల్ల పడితే వల కోసైనా సరే వదిలేస్తారు. “మేం దాన్ని తాకం, అది మమ్మల్ని తాకదు. ఇన్నాళ్లూ అట్లే గడిచిపాయె” అన్నాడు. మరి ఇప్పుడేమైందని అడిగితే చెయ్యెత్తి నది వైపు చూపించాడు. “ఇసక యాడుంది సామీ?”

నేను ఇసుక గురించి ఈ శీర్షికలో ఎన్నోసార్లు రాశాను. ఇంకెన్నిసార్లు రాస్తారని అడిగే పాఠకులున్నారు. నది ఇసుకంతా అయిపోయే దాకా రాస్తాను. ఎందుకంటే మొసలి కథ కూడా ఇసుక కథే. మగ్గర్ ఇసుక తిన్నెలో గొయ్యి తవ్వి గుడ్లు పెడుతుంది. అది ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా. పాతిక, ముప్పై గుడ్లు. రెండు నెలలు ఆ ఇసుక వేడికే అవి పిల్లలు కావాలి. లోపల వేడి ఎంతుందన్న దాన్ని బట్టే పిల్ల ఆడదో మగదో తేలుతుంది. సరిగ్గా ఆ నెలల్లోనే నది సన్నబడుతుంది, ట్రాక్టర్లు నడి ఏట్లోకి దిగుతాయి. తిన్నె పోతే తల్లి ఊరి పక్క గట్టుకు వస్తుంది. గుడ్ల దగ్గర కాపలా ఉన్న తల్లి ఎవరినీ సహించదు.

ఇది మొసలి వైపు నుంచి చూస్తే. మన వైపు నుంచి చూద్దాం. నా చిన్నప్పుడు వేసవిలో తుంగభద్ర ఎండినా నీళ్లకు కరువుండేది కాదు. ఇసుకలో మూరెడు లోతు చెలమ తీస్తే తేట నీళ్లు ఊరేవి. ఆడవాళ్లు చిప్పతో తోడి బిందెలు నింపుకునేవాళ్లు. పశువులకు కాస్త వెడల్పు చెలమ. మోటార్లున్న రైతులు ఇసుకలో కాలువ తీసి నీళ్లు తమ దగ్గరికి రప్పించుకునేవాళ్లు. ఎవరికీ లోతు మడుగు జోలికి పోయే అవసరమే ఉండేది కాదు. మడుగు మొసలిది, చేపలది. ఇసుక పోయి బండలు తేలాక చెలమ తీయడానికి చోటేది? ఊరికి, ఎనుములకు, మోటార్లకు, వలలకు, మొసలికి అందరికీ మిగిలింది ఆ ఒక్క మడుగు. పైపు చివర ఫుట్‌వాల్వుకు నాచు పట్టుకుంటే (మా రైతులు దాన్ని ఫుట్‌బాల్ అంటారు) తీసి శుభ్రం చేయడానికి నడుము లోతు నీళ్లలోకి ఎవరో ఒకరు దిగక తప్పదు. కరెంటు ఇచ్చేది రాత్రయితే దిగేదీ రాత్రే. మొసలి మేతకు తిరిగేదీ ఆ వేళకే.

2024 జూలై నుంచి మన రాష్ట్రంలో ఇసుక ఉచితం. ఇల్లు కట్టుకునే పేదవాడికి మేలు జరిగితే నాకూ సంతోషమే. కానీ టన్ను ఎంతకు వస్తుంది, లోడింగుకు ఎంత తీసుకున్నారు అనే గొడవే తప్ప, ఏ రేవు దగ్గర ఎంత లోతు దాకా తీయవచ్చో, గుడ్ల కాలంలో ఏ తిన్నెలను ముట్టకూడదో చెప్పే మాట నాకు ఇంతవరకు వినపడలేదు. అటు ఒడ్డు రాయచూరు జిల్లా, కాస్త దిగువకు వెళితే గద్వాల జిల్లా. మూడు రాష్ట్రాల మధ్య నది అంటే, ఇసుక తీసేటప్పుడు అందరిదీ, కాపాడేటప్పుడు ఎవరిదీ కానిది.

ఎగువన డ్యాం సంగతీ ఇంతే. కట్టినప్పుడు 133 టీఎంసీలు పట్టిన తుంగభద్ర జలాశయం పూడిక పేరుకుని 105 టీఎంసీల దగ్గరికి వచ్చింది. అంటే నదికి రావాల్సిన ఒండ్రూ ఇసుకా అక్కడ ఆగిపోతున్నాయి, కిందున్నదాన్ని మనం తోడేస్తున్నాం. 2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయినప్పుడు ఎల్లెల్సీ (దిగువ కాలువ) కింది రైతులు ఆయకట్టుకు నీళ్లుంటాయా అని నిద్రలేకుండా గడిపారు. అలా నదికి వరద వచ్చిన ప్రతిసారీ మొసలి వంకల్లోకి, కాలువల్లోకి కొట్టుకొస్తుంది. చేలో మొసలి కనబడిందంటే అది దాడికి రాలేదు, దారి తప్పింది.

సరే, ఏం చేయాలి? శ్రీలంకలో మాతర దగ్గర నిల్వలా నదిలో ఇక్కడికంటే ప్రమాదమైన ఉప్పునీటి మొసళ్లున్నాయి. అక్కడ జనం స్నానాల రేవు చుట్టూ నీళ్లలో గుంజలు పాతి, కంచె కట్టి, లోపల స్నానం చేస్తారు. పూర్వం దుంగలు, ఇప్పుడు ఇనుము. మొసలి బయట, మనుషులు లోపల. గుజరాత్‌లో ఆణంద్, ఖేడా జిల్లాల్లో ఊరి చెరువుల్లోనే మగ్గర్లు ఉంటాయి, వాటి ఎదుటే బట్టలుతుకుతారు. మొసలి వాహనం మీద కూర్చున్న ఖొడియార్ అమ్మవారిని అక్కడ కొలుస్తారు. భక్తి ఒకటే వాళ్లను కాపాడుతోందని నేననను. చేపలు నిండుగా ఉన్న చెరువులో మొసలికి మనిషి జోలికి రావాల్సిన పని తక్కువ.

అంత దూరం కూడా పోనక్కర లేదు. 2020 నవంబరులో తుంగభద్ర పుష్కరాలు వచ్చాయి. కరోనా కాలం కాబట్టి నదిలో మునగకుండా ఘాట్ల మీదే జల్లు స్నానాలకు ఏర్పాట్లు చేశారు. నది నీళ్లను పైపులేసి ఒడ్డు మీదికి తేవడం ఈ ప్రభుత్వాలకు తెలుసన్నమాట. 12 రోజుల యాత్రికులకు చేసినదాన్ని 365 రోజులూ రేవు మీద బతికే ఆడవాళ్లకు చేయరా? రేవుకొక చాకిరేవు గట్టు, నాలుగు కొళాయిలు, పశువులకు ఒక తొట్టి, మోటార్ల దగ్గర నీళ్లలో దిగకుండా నిలబడడానికి ఒక అరుగు. ఇవి ఉంటే ఆ బోర్డుకు అర్థం ఉంటుంది. లేకపోతే రేపు ఏదైనా జరిగినప్పుడు ‘ముందే చెప్పాం కదా’ అనడానికి అది పనికొస్తుంది, అంతే.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పేయాలి. మొసలి ఫొటో చూసి ఇంత వణికిన మనం, మన పత్తిచేలలో ఉన్న రక్తపింజరి గురించి ఎందుకు మాట్లాడం? అదీ ఆ 1972 చట్టం కాపాడే ప్రాణే. ఇంటి గోడకు ఆనించి పేర్చిన పత్తికట్టె వామిలో ఎలుకలు, ఎలుకల కోసం పాము, తెల్లవారుజామున పొయ్యిలోకి కట్టె లాగే చెయ్యి. 2000 నుంచి 2019 దాకా 20 ఏళ్లలో దేశంలో 12 లక్షల మంది పాముకాటుతో చనిపోయారని 2020లో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది. ఏడాదికి 58 వేల మంది. ఎక్కువ మరణాలు జరిగే ఎనిమిది రాష్ట్రాల జాబితాలో ఆంధ్రప్రదేశ్ ఉంది. 2018లో దివిసీమలో వరుసగా వంద మందికి పైగా పాములు కరిస్తే మోపిదేవి గుడిలో అధికారులే సర్పశాంతి పూజ చేయించారు. పూజను నేను తప్పుపట్టను, పుట్టకు పాలు పోసే ఇంట్లోనే నేనూ పుట్టాను. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో విషానికి విరుగుడు ఇంజెక్షన్లు, రాత్రిపూట వాటిని వేసే డాక్టరు ఉండడం అంతకన్నా ముందు జరగాలంటాను.

మా కోసిగి, పెద్దకడుబూరు, మంత్రాలయం పల్లెలు ఏటా సుగ్గికి, అంటే కూలి వలసకు, గుంటూరు మిరపచేలకు పోతాయి. సగం ఊరు తాళం. పిల్లా పీచుతో చేను గట్టున పట్టాలు కట్టుకుని నేల మీద పడుకుంటారు. అక్కడ పాము కరిస్తే వాళ్లకు ఏ ఆసుపత్రి ఎటుందో తెలియదు. ఇక్కడ కరిస్తే ఆదోని, అక్కడ కాదంటే వంద కిలోమీటర్ల అవతల కర్నూలు పెద్దాసుపత్రి. ఆదోని వైద్య కళాశాలకు 2021లో శంకుస్థాపన జరిగింది. ఇప్పుడు ప్రైవేటు భాగస్వామ్యమంటున్నారు. ఎవరు కడతారన్న వాదులాట మధ్యలో గడిచే ఒక్కో వానాకాలం లెక్కకు వస్తుంది. పాముకాట్లు ఎక్కువయ్యేది జూన్ నుంచి సెప్టెంబరు దాకానే.

ఆ ఆదివారం రాత్రి తిరుగు ప్రయాణంలో గడియారం చూసుకుంటూ వచ్చాను. ఆ రేవు నుంచి ఆదోని ఆసుపత్రి గేటు దాకా, సొంత కారులో, గంటా పది నిమిషాలు పట్టింది. దారిలో మాకు ఎదురుగా నది వైపు ఖాళీగా పోతున్న ఇసుక ట్రాక్టర్లను లెక్కపెట్టాను. పదకొండు.