అన్నా, రెండు నిమిషాల పనే

హైదరాబాద్‌లో మాది ముప్ఫై ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. సెల్లార్‌లో మెట్ల కింద ఒక గది, అందులో మా వాచ్‌మన్ అన్న, వదిన, ఇద్దరు పిల్లలు. అన్నని పెట్టుకున్నది గేటు చూసుకోడానికి, మోటార్ వేయడానికి, సెల్లార్ ఊడవడానికి. కానీ ఐదో ఫ్లోర్‌లో కుళాయి కారినా, కారిడార్‌లో లైటు పోయినా, డక్ట్‌లో పైపు లీకైనా అందరి నోటా ఒకటే మాట: "అన్నా, రెండు నిమిషాల పనే, ఒకసారి చూడవా?"

ఆ మాట నేనూ అన్నాను. ఫస్టియర్ సెలవుల్లో గాలికి ఇంటర్నెట్ కేబుల్ ఊడితే, అన్న పిట్టగోడ మీంచి సగం బయటికి వంగి దాన్ని కట్టాడు. నేను వెనకాల నిలబడి ఫోన్‌లో సిగ్నల్ వచ్చిందా లేదా అని చూస్తున్నాను. ఆ రోజు ఏం కాలేదు. పోయిన వర్షాకాలం ఇంకో ఫ్లాట్ వాళ్ళ ఏసీ పైపు సరిచేయడానికి మొదటి ఫ్లోర్ సజ్జ మీదికి దిగి, నాచు మీద కాలు జారి కింద పడ్డాడు. చేతి మణికట్టు విరిగింది. నెల పైనే కట్టుతో ఉన్నాడు. ఆ నెలంతా గేటూ మోటారూ వదినే చూసుకుంది.

ఈ వేసవిలో నాన్న (అసోసియేషన్ ట్రెజరర్) రెండేళ్ళ బిల్లులు నా ముందు పడేసి "కంప్యూటర్ సైన్సేగా, ఎక్సెల్‌లో ఎక్కించు" అన్నారు. లిఫ్టు, జనరేటర్ వదిలేసి మిగతా రిపేర్లన్నీ కూడితే 1,62,000 రూపాయలు. అంటే నెలకి 6,750. అందులో మోటార్ రీవైండింగ్ మూడుసార్లు, మోటార్ కాలిన రోజుల్లో తెప్పించిన ట్యాంకర్లు, డ్రెయిన్ మూసుకుపోయి టెర్రస్ మీద నీళ్ళు నిలిచి ఐదో ఫ్లోర్ సీలింగ్‌కి చేసిన రిపేర్లు. వీటన్నిటి మధ్య ఒక లైన్: "ఇతర ఖర్చులు - 3,000". అదేంటని అడిగితే నాన్న కాసేపు మాట్లాడలేదు. అది అన్న చేతికి అసోసియేషన్ ఇచ్చిన డబ్బు.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. రిపేర్ పనులు తెలిసిన మనిషిని జీతం మాట్లాడి పెట్టుకోవాలి. వాచ్‌మన్‌ని వాచ్‌మన్ పని చేసుకోనివ్వాలి.

లిఫ్టుకి ఏడాదికోసారి కాంట్రాక్ట్ రాసుకుంటాం. ఎందుకంటే లిఫ్టులో మనం ఎక్కుతాం, భయం ఉంటుంది. నీళ్ళ పైపు అంటే ఆ భయం లేదు. కానీ సంపులో నీళ్ళు అయిపోయాక కూడా మోటార్ తిరుగుతూనే ఉంటే సీల్ కాలిపోతుంది. ట్యాంకు ఫ్లోట్ వాల్వు పాడైతే నీళ్ళూ పోతాయి, కరెంటూ పోతుంది. జూన్ రాకముందే టెర్రస్ డ్రెయిన్లలో ఆకులు తీసేస్తే సీలింగ్ తడవదు. ఇవన్నీ ముందే చూస్తే చిన్న పనులు. చెడిపోయాక చూస్తే బిల్లులు.

"యాప్‌లో బుక్ చేస్తే గంటలో వస్తాడుగా" అని మా గ్రూప్‌లో ఒక అంకుల్ మెసేజ్. ఇంటి లోపల కుళాయికైతే సరే. కామన్ పైపులకి ఓనరే లేడు కదా, ఎవరు బుక్ చేస్తారు? పైగా టెర్రస్ మీద పదకొండు గేట్ వాల్వులున్నాయి, ఒక్కదాని మీదా పేరు లేదు. ఏది ఏ లైన్‌దో వచ్చిన ప్రతి ప్లంబరూ మొదటినుంచీ వెతుక్కోవాలి. ఒక్క కామెంట్ కూడా లేని కోడ్ చేతికొచ్చినట్టు. మామూలుగా వచ్చే మనిషి ఉంటే మొదటి నెలలోనే ప్రతి వాల్వుకీ రంగు వేసి పేరు రాసేస్తాడు.

నా లెక్క ఇది. ప్లంబింగ్, కరెంటు పని రెండూ వచ్చిన మనిషి వారానికి రెండు పూటలు. పూటకి 750 చొప్పున ఎనిమిది పూటలకి 6,000. ఫ్లాటుకి 200. పాత బిల్లులు పూర్తిగా ఆగిపోతాయని అబద్ధం చెప్పను. సగం ఆగినా చాలు. మిగతా ఖర్చు మనమే పెట్టుకోవాలి. ఇన్నాళ్ళూ ఆ తేడా అన్న ఒంటి మీంచి వసూలు చేశాం.

వచ్చే మనిషిని కూడా రేపు ఇంకో "అన్నా, రెండు నిమిషాలు" చేయకూడదు. ఏ వారం ఏ పని అన్నది కాగితం మీద రాసి సెల్లార్‌లో అంటించాలి. మంచి నిచ్చెన, సేఫ్టీ బెల్టు అసోసియేషనే కొనాలి. లిఫ్టు, మెయిన్ ప్యానెల్ ఆయన ముట్టుకోకూడదు. సెప్టిక్ ట్యాంకులోకైతే ఎవరినీ దించకూడదు. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని దించడం 2013 చట్టం ప్రకారం నేరం, యంత్రమున్న బండినే పిలవాలి.

ఇంకోటి. ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనకి ఏడాదికి 20 రూపాయలు. 18 నుంచి 70 ఏళ్ళ మధ్య వయసు, ఒక బ్యాంకు ఖాతా ఉంటే చాలు. ప్రమాదంలో ప్రాణం పోతే కుటుంబానికి 2 లక్షలు వస్తాయి. చేయి విరిగితే హాస్పిటల్ బిల్లు మాత్రం ఇందులో రాదు, దానికి అసోసియేషన్ విడిగా డబ్బు పక్కన పెట్టాలి. ఆ 20 రూపాయలు కూడా మేం మా అన్నకి కట్టలేదు. ముప్ఫై ఫ్లాట్లలో ఎవరికీ తట్టలేదు, నాతో సహా.

మన హాస్టల్‌లో కంప్లైంట్ రిజిస్టర్ మీద ఎన్ని జోకులేసుకుంటాం! ఫ్యాన్ బాగయ్యేసరికి చలికాలం వస్తుందని. కానీ అక్కడ ఒక పుస్తకం ఉంది, ఆ పని కోసమే జీతం తీసుకునే ఎలక్ట్రీషియన్ ఉన్నాడు. మెస్ అన్నని ఎవరూ స్టూలెక్కి ఫ్యాన్ విప్పమనరు. మా అపార్ట్‌మెంట్‌కి కావాల్సింది అంతే.

వచ్చే నెల మా జనరల్ బాడీ మీటింగ్. నాకు ఓటు లేదు, నాన్నకి ఉంది. ఈ లెక్క ప్రింట్ తీసి ఆయన చేతికిచ్చాను. "200 అంటే గొడవ చేస్తార్రా" అన్నారు. చేయనివ్వండి అన్నాను. అన్న ఇప్పటికీ నిండు బకెట్ ఎడమ చేత్తోనే ఎత్తుతున్నాడు.