డ్రాగ్ అండ్ డ్రాప్‌తో మొదలుపెట్టండి, కానీ అక్కడే ఆగిపోకండి

పోస్ట్ కొంచెం పెద్దదే, ఓపికగా చదవండి.

ఈ మధ్య మన జూనియర్లు చాలామంది ఒకటే అడుగుతున్నారు. "వెబ్ డిజైన్ ఎక్కడ మొదలుపెట్టాలి? కోడింగ్ రానోళ్లు కూడా చేయొచ్చా?" అని. దానికి రెండు రకాల జవాబులు వస్తున్నాయి. కొందరు "ముందు హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్, జావాస్క్రిప్ట్ మొత్తం నేర్చుకో, డ్రాగ్ అండ్ డ్రాప్ అంటే పిల్లలాట" అంటారు. ఇంకొందరు "అసలు నేర్చుకునుడు ఎందుకు, ఏఐని అడిగితే నిమిషంలో సైట్ వస్తది" అంటారు. నేను ఈ రెండు మాటలూ ఒప్పుకోను.

ముందు మన సంగతి చూద్దాం. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషిని నేనే. నాలాగే మీలో చాలామంది కీబోర్డు మీద మొదటిసారి చెయ్యి పెట్టింది కాలేజీ ల్యాబ్‌లోనే. అది కూడా వారానికి రెండు గంటలు, ఒక్క సిస్టమ్ ముందు ముగ్గురం. పరీక్షలో మాత్రం ట్యాగులన్నీ తెల్లకాగితం మీద పెన్నుతో రాస్తాం. ఆ ట్యాగు తెర మీద ఏం చేస్తదో చూడకుండానే మార్కులు వస్తాయి. ఇట్లాంటి చోట కళ్ల ముందు కనపడే సాఫ్ట్‌వేర్ మనకు పనికిరాదంటే ఎట్లా? ఒక పెట్టెను జరిపితే పేజీ ఎట్లా మారుతుందో చూసినోడికి ట్యాగు ఊరికే గుర్తుంటది.

పిల్లలాట అనేవాళ్లకు ఒక్క విషయం. వెబ్‌ను కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ 1990లో సెర్న్‌లో రాసిన మొట్టమొదటి బ్రౌజర్ పేజీలు చూడటానికి మాత్రమే కాదు, తెర మీదే చూస్తూ దిద్దడానికి కూడా పనికొచ్చేది. 1997లో డ్రీమ్‌వీవర్ వచ్చాక లోకమంతా పెద్ద పెద్ద డిజైనర్లు కూడా అట్లాంటి సాఫ్ట్‌వేర్‌తో పనిచేశారు. అంటే చూస్తూ చేయడం వెబ్ పుట్టినప్పటి నుంచీ ఉన్నదే. సిగ్గుపడే పని కాదు.

ఇక ఏది పట్టుకోవాలి? నా లెక్క ఇది. మొదటి పేజీకి గూగుల్ సైట్స్ చాలు. జీమెయిల్ ఉంటే అయిపోతుంది, రూపాయి ఖర్చు లేదు. రెండోది వర్డ్‌ప్రెస్. దీనికి ఫోన్ యాప్ కూడా ఉంది కాబట్టి ల్యాప్‌టాప్ లేనోళ్లు సెలవుల్లో ఊరి నుంచి కూడా రాసుకోవచ్చు. వెబ్‌ఫ్లో మూడోది. అందులో సీఎస్ఎస్‌లో ఉండే మాటలే మెనూలో కనపడతాయి, నేర్చుకోవడానికి మంచిది, కానీ కంప్యూటర్ కావాలి. మూడూ ఒకేసారి తెరవకండి. ఒకదానితో ఒక పేజీ పూర్తి చేశాకే ఇంకోటి.

ఏ సాఫ్ట్‌వేర్ అయినా అందులో నేర్చుకోవాల్సినవి నాలుగే.

ఒకటి, పెట్టె. వెబ్ పేజీ అంటే పెట్టెలో పెట్టె. పాడింగ్, మార్జిన్ అని రెండు మాటలు వస్తాయి, అందరూ అక్కడే తికమకపడతారు. ఇల్లు అనుకోండి. గోడకూ లోపలి సామానుకూ మధ్య జాగ పాడింగ్. మన ఇంటికీ పక్కింటికీ మధ్య జాగ మార్జిన్. గంతే.

రెండు, హెడ్డింగ్. అక్షరం పెద్దగా చేస్తే హెడ్డింగ్ అయిపోదు. మెనూలో హెడ్డింగ్ అని ఎంచుకోవాలి. అప్పుడే చూపు లేనివాళ్లకు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కు అది శీర్షిక అని తెలుస్తుంది.

మూడు, ఫోన్. మన పేజీ చూసేవాళ్లు ఫోన్‌లోనే చూస్తారు, అది కూడా సిగ్నల్ ఒక గీత ఉన్న గూడెంలో. కెమెరాతో తీసిన ఫొటో అట్లనే ఎక్కిస్తే నాలుగైదు ఎంబీ ఉంటది, పేజీ తెరుచుకోదు. 200 కేబీ లోపుకు తగ్గించి పెట్టండి. పబ్లిష్ చేసే ముందు ఫోన్ ప్రివ్యూ తప్పకుండా చూడండి.

నాలుగు, అక్షరాలు. తెలుగు యూనికోడ్‌లోనే రాయండి. పాత డీటీపీ ఫాంట్లలో కొట్టింది వెబ్‌లో గజిబిజిగా వస్తది. నోటో సాన్స్ తెలుగు, మండలి, రామభద్ర లాంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి. గోండి రాసే తమ్ముళ్లకు ఇంకో మాట. మన ఆదిలాబాద్ జిల్లా గుంజాల ఊరి పేరు మీద ఉన్న గుంజాల గోండి లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. దానికి నోటో ఫాంట్ కూడా ఉంది. అంటే మన అక్షరాలతో వెబ్ పేజీ చేయడానికి దారి తెరిచే ఉంది. చేసేటోళ్లే కావాలి.

ఇప్పుడు అసలు మాట. పేజీ తయారయ్యాక అక్కడే ఆగిపోతే మనం ఎప్పటికీ వాడేవాళ్లమే, చేసేవాళ్లం కాము. ల్యాబ్‌లో క్రోమ్‌లో మీ పేజీ తెరిచి రైట్ క్లిక్ కొట్టి ఇన్‌స్పెక్ట్ నొక్కండి. మీరు జరిపిన పెట్టెలన్నీ కోడ్‌గా కనపడతాయి. ఒక రంగు మార్చండి, ఒక అంకె మార్చండి. ఏమీ పాడు కాదు, పేజీ రీలోడ్ చేస్తే మళ్లీ మొదటికి వస్తది. రోజుకు పది నిమిషాలు ఇట్ల చేసినోడికి కోడ్ భయం పోతుంది. తర్వాత ఫ్రీకోడ్‌క్యాంప్‌లో వెబ్ డిజైన్ పాఠాలు ఉచితంగా చేసుకోవచ్చు. ఫీజు వేలల్లో కట్టమనే కోర్సుకు ఇంట్లో అప్పు చేయించే ముందు ఇది చేసి చూడండి. ఏఐ వాడొద్దని నేను అనను. కానీ అది ఇచ్చిన పేజీలో ఏది తప్పో పట్టుకోవాలంటే మనకు తెలిసి ఉండాలి కదా.

కోడ్ తెలియాలి అనడానికి ఇంకో కారణం కూడా ఉంది. విక్స్‌లో కట్టిన సైట్‌ను ఉన్నదున్నట్టు తీసుకుపోయి వేరే సర్వర్‌లో పెట్టుకోలేం. వెబ్‌ఫ్లోలో కోడ్ బయటికి తీయాలంటే డబ్బు కట్టే ప్లాన్ ఉండాలి. వర్డ్‌ప్రెస్ సాఫ్ట్‌వేర్ 2003 నుంచి ఓపెన్ సోర్స్, అందులో రాసింది మూటకట్టుకుని ఇంకోచోటికి పోవచ్చు. భూమి విషయంలో పట్టా ఎవరి పేరు మీద ఉందో అడగడం మన పెద్దలకు అనుభవం నేర్పింది. సైట్ కట్టేముందు మనం కూడా అదే అడగాలి.

మరి ఏం పేజీ చేయాలి? లేని కాఫీ షాప్‌కు డెమో సైట్ చేసే బదులు మనకు అక్కరకొచ్చేది చేద్దాం. ఏటా ఈపాస్ స్కాలర్‌షిప్ టైంలో కుల సర్టిఫికెట్, ఆదాయ సర్టిఫికెట్, బోనఫైడ్, బ్యాంక్ పాస్‌బుక్, ఇంకేం కావాలి అని అవే ప్రశ్నలు. జవాబులు గ్రూపులో రెండు రోజుల్లో పైకి పోయి మాయమైతయి. ఒక్క పేజీ ఉంటే లింక్ పంపితే చాలు. పదో తరగతి అయిన చెల్లెలు ఎవరినీ బతిమాలకుండా చదువుకుంటది. అయితే ఎవరి ఆధార్, ఫోన్ నంబరూ అందులో పెట్టొద్దు. అట్లనే దండారీ, నాగోబా జాతర ఫొటోలు పెట్టాలనుకుంటే ముందు పెద్దలను, పటేల్‌ను అడగండి. బయటోళ్లు అడగకుండా తీసుకుపోతున్నారని బాధపడే మనమే ఆ పని చేయొద్దు.

మన గురించి వెతికితే వచ్చేవి ఎక్కువగా వేరేవాళ్లు రాసిన పేజీలే. మనం రాసిన పేజీ కూడా అందులో ఉండాలంటే మొదటి పెట్టె ఎవరో ఒకరు జరపాలి. ఈ నెలాఖరు లోపు ఒక్క పేజీ చేయండి, ఎంత చిన్నదైనా సరే. లింక్ ఇక్కడ పెట్టండి. తెలిసినోళ్లం చూసి చెప్తాం, తెలియనిది మీ దగ్గర నేర్చుకుంటాం.

జోహార్.